తాత తీసిన పూడిక

జూన్, మంగళవారం

ఆదోని పత్తి మిల్లులో ఒక రోజు కూలి పోగొట్టుకుని ఉపాధి పనుల తనిఖీ సభకు పోయాను. మా తాత పోయి రెండేళ్లు నిండాయి. అయినా నిరుడు వేసవంతా ఆయన చెరువులో పూడిక తీసినట్టు ఫీల్డ్ అసిస్టెంట్ ఈరన్న హాజరు వేశాడు. బతికున్నవాళ్లం పని అడిగితే మాత్రం లేదన్నాడు, దొంగ!

లేచి అరిచాను. ప్రజల సొమ్ము తిన్న సర్కారు ఉద్యోగికి యావజ్జీవం దాకా పడుతుందని, ఫోనులో చదివి నేర్చుకున్న సెక్షన్ నంబరుతో సహా చెప్పాను.

ఈరన్న చేతులు జోడించాడు. "మీ తాత ఖాళీగా కూసునే మనిషి కాదప్పా, ఊరంతా సెప్తాది."

సభంతా నవ్వింది. ఆఫీసరు మాత్రం రిజిస్టరు చూసి, "డబ్బు పడింది మీ అమ్మ ఖాతాలోనే కదా?" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను. రొట్టె తడుతూనే చెప్పింది. "సగం ఈరన్నకిచ్చి సగం నేను పెట్టుకుంటి. మీ తాత ఏడాది దినానికి పొట్టేలు కోసింది దాంతోనే. నువ్వు రెండు తూర్లు ఏయించుకొని తింటివి."

రేపు నేను రాసిస్తేనే పోలీసు కేసు. లేకుంటే డబ్బు కట్టించుకుని వదిలేస్తారట, వాడు మళ్లీ హాజరు వేస్తాడు.

"నీ పేరు కూడా రాయాలమ్మా" అన్నాను.

"రాయి. వాడొక్కడే పోయి నేనీడ కూసుంటే ఊరు ఊస్తాది. జైల్లో సంగటి పెడ్తారేమో కనుక్కో."

అమ్మ నిద్రపోయింది. ఈరన్న పేరు కాగితం చిరిగేంత గట్టిగా రాశాను. దాని పక్కన 'మరియు' అని రాసి గంటయింది.