‘వస్తాం’ అంటే ఎటు?

ఫిబ్రవరి 3, 2025

ప్రూఫ్ పాసయింది! పద్నాలుగు నెలలు! స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్ కనబడగానే నా స్టూడెంట్ మెర్లిన్ కేక పెట్టింది. నేనూ పెట్టాను. ప్రొఫెసర్ షాహీనా మేడం ల్యాబ్‌లో గంతులేసిందని రేపు కాలేజీ అంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

మా పడవలో మనిషి ఉండడు. సముద్రంలో ఇంజిన్ ఆగిపోయిన వాళ్లకు డీజిల్, మంచినీళ్లు ఇచ్చి తనంతట తానే తిరిగొస్తుంది. విడవలూరు వైపు కాలువ సముద్రంలో కలిసే మొగ చాలా సన్నం, పైగా మలుపు. ఒక్క పడవే పడుతుంది. అక్కడ ప్రతి పడవా రేడియో సెట్‌లో ఒక మాట చెప్పి దాటుతుంది. అది విని, ఎదురొచ్చేవాళ్లుంటే మాది ఆగుతుంది. రెండు పడవలు ఎదురుపడటం అసాధ్యం. టెస్ట్ చేసి చెప్పడం కాదు, లెక్కల్లో సిద్ధాంతంలా నిరూపించాను, ప్రతి మెట్టూ కంప్యూటర్ సరిచూసింది.

ఫిబ్రవరి 6

అక్కడి మత్స్యకారుల పెద్ద వెంకయ్య గారు ఒక్క ట్రయల్‌కు ఒప్పుకున్నారు. పోయినేడు ఆయన తమ్ముడు ఇంజిన్ ఆగి రెండు రోజులు నీళ్లు లేకుండా సముద్రంలోనే ఉండిపోయాడట. అందుకే ఒప్పుకున్నారు. తేడా వస్తే మాత్రం మళ్లీ ఆ మిషను మా కాలవలో పెట్టబాకండి అన్నారు.

నేనూ ఎక్కుతాను. నా ప్రూఫ్‌ను నేనే నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?

ఫిబ్రవరి 7, ఉదయం 7.40

తిరిగొస్తుంటే మలుపులో వెంకయ్య గారి పడవే ఎదురొచ్చింది. ఆయన చటుక్కున బురదలోకి తిప్పకపోతే అందరం నీళ్లలో ఉండేవాళ్లం. ఎవరికీ దెబ్బల్లేవు.

సాయంత్రం

రికార్డింగ్ పదిసార్లు విన్నాం. ఒడ్డు వదిలి బయల్దేరుతూ ఆయన సెట్‌లో అన్న మాట: “వస్తాం.” ఆయన కూడా సముద్రం నుంచి లోపలికే వస్తున్నారనుకుని మా పడవ మొగలోకి దూరింది. ప్రూఫ్‌లో తప్పు లేదు. తప్పు నాది, అదీ తెలుగులో!

పోతున్నాం అనాలి కదా అన్నాను. సముద్రానికి పోయేటప్పుడు పోతన్నామని ఎవురన్నా అంటారా మేడం, మీ ఇంట్లో అంటారా అని వెంకయ్య గారు కసిరారు. అనం. కోవూరులో మా అమ్మ జమాల్‌బీ నన్ను గేటు నుంచి ఎన్నిసార్లు వెనక్కి పిలిచి మాట మార్పించిందో! నలభై ఆరేళ్లుగా వస్తానని చెప్పే పోతున్నాను. ఏ మాటకు ఏ అర్థమో పడవకు చెప్పే స్పెసిఫికేషన్ మాత్రం ఇంగ్లీషులో రాశాను.

చచ్చేంత సిగ్గుగా ఉంది. కానీ నేననుకున్నది తప్పని ఒక్క మాటతో తేల్చేసిన ఇంత అందమైన కౌంటర్ ఎగ్జాంపుల్ నా సర్వీసులో చూడలేదు!

ఫిబ్రవరి 8

పడవ షెడ్‌లో ఉంది. వెంకయ్య గారు ఫోన్ ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 11

దొరికింది! వెంకయ్య గారి భార్య నాగులమ్మ చేపలు ఎండబెడుతూ మాటల్లో అన్నది. వస్తాం అని బయల్దేరినోళ్లకి ఒడ్డునుండి సెట్‌లో పొయ్యిరండి అంటాం, తిరిగొచ్చినోళ్లకి రండి రండి అంటాం, ఇందులో తెలీకుండా పొయ్యేదేముంది మేడం అంది. ఏమీ లేదు! అర్థం ఆ మాటలో లేదు, జవాబులో ఉంది. పడవ జవాబు కూడా వినాలి. జవాబు రాకపోతే కదలకూడదు. ఆ చేపల పక్కనే కూర్చుని గబగబా రాసుకున్నాను. చీరంతా నీచు వాసన.

ఫిబ్రవరి 24

కొత్త ప్రూఫ్ పాస్! నాగులమ్మ మొగుణ్ణి ఒప్పించింది. ఎలాగో చెప్పలేదు. రేపు మళ్లీ ట్రయల్, ఈసారి నిజంగానే మనిషి లేకుండా.

ఫిబ్రవరి 25, ఉదయం 6.10

పడవ సెట్‌లో “వస్తా” అంది. ఎవరూ పలకలేదు. నిరూపించినట్టే కదలకుండా నిలబడింది. సెట్ నా చేతిలోనే ఉంది, కానీ ఆ జవాబు నేనివ్వాల్సింది కాదు. పదకొండో నిమిషంలో వెంకయ్య గారు వచ్చి నా చేతిలోంచి సెట్ తీసుకుని, పొయ్యిరామ్మా అన్నారు.