బోణీ కాకుండా వద్దనలేను

పొందూరు

చిరంజీవి ప్రమోద్‌కు బావ భీమశంకరరావు ఆశీస్సులు.

ఫోన్ చేస్తే మీటింగంటావు, అందుకే ఉత్తరం. మీ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ మన ఖద్దరు కొట్టు కంప్యూటర్‌లో పెట్టి వెళ్ళావు కదా. పొద్దున్నే కొట్టు తెరవగానే దాని ఫైర్‌వాల్ అనే కాపలా ఎవరెవరినో గుమ్మంలో నిలబెట్టి "అనుమతించాలా, నిరాకరించాలా?" అని అడుగుతోంది. బోణీ కాకుండా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి వద్దనడం మా ఇంటా వంటా లేదు. అందరినీ రానిచ్చాను. ఇప్పుడు తెర నిండా రమ్మీ ఆడమని పిలిచే అమ్మాయిలే.

ఇట్లు, పరువు పోతున్న నీ బావ.

తా.క. మీ అక్క కన్యాకుమారి వచ్చి చూసి, "ఈ వయసులో ఇదేటి?" అంది.

* * *

విశాఖపట్నం

బావగారికి నమస్కారాలు.

ఆ ఫైర్‌వాల్ పేజీ రాసింది నేనే బావా! మామూలు మనుషులకు అర్థమయ్యేలా మార్చకపోతే నన్ను తీసేస్తానని మా మేనేజరు సింధూరి గారు అన్నారు. అర్థమైందని మీరు సంతకం పెట్టి పంపితేనే నా ఉద్యోగం నిలుస్తుంది. పరీక్ష కోసం మీ కంప్యూటర్‌ని మా ఆఫీసుకు కలిపే ఉంచాను. ఇప్పుడు చాలా తేలిగ్గా రాశాను: "విశ్వసనీయేతర అంతర్గమన అనుసంధానాలను నిరోధించు." అంటే, తెలియనివాళ్ళొస్తే వద్దనండి.

మీ ప్రమోద్.

తా.క. ఆ తేలిక మాట అర్థం కాకపోతే చదువుకోవడానికి కింద పెద్ద వివరణ ఇచ్చాం.

* * *

పొందూరు

ఒరే ప్రమోదూ,

నీ తేలిక మాటని తెలుగు మాస్టారు రమేష్‌బాబు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఏటి బావూ ఇది, తద్దినం మంత్రమేటి?" అన్నారు. సరే, నువ్వు చెప్పావని బోణీ అయ్యాక వచ్చినవాడికల్లా వద్దన్నాను. బిల్లులు కొట్టే ప్రోగ్రామ్‌కీ, ప్రింటర్‌కీ కూడా. ప్రతి ప్రోగ్రామ్ పేరు చివరా 'ఈఎక్స్ఈ' అని ఒకటే ఇంటిపేరు, మనవాళ్ళెవరో ఎలా తెలుస్తుంది? బొబ్బిలి పెళ్ళివారు పంచెలు మూట కట్టించి బిల్లు కోసం కూర్చున్నారు. నీ పేజీ మొత్తంలో నాకర్థమైంది ఒక్కటే మాట: "ఆపేయి". నొక్కాను. కాపలాయే ఆగిపోయింది, బిల్లొచ్చింది. నీ ఉద్యోగం పోతే మీ అక్క నన్ను బతకనివ్వదు, అందుకని సంతకం పెట్టి పంపుతున్నాను.

ఇట్లు, భీమశంకరరావు.

తా.క. రమ్మీ అమ్మాయిలు ఇక్కడ కనపడటం లేదు. అటేమైనా వచ్చారా?

* * *

విశాఖపట్నం

బావగారికి నమస్కారాలు.

వచ్చారు. పెద్దల మీటింగులో గోడంత తెర మీదికే వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఎలా దూరారని వెతికితే తేలిందేమిటంటే, మా ఆఫీసులో ఒక్క కంప్యూటర్‌లోనూ ఫైర్‌వాల్ నడవడం లేదు. అందరూ ఎప్పుడో ఆపేశారు. సింధూరి గారు గది తలుపు వేసి, "ఆ పేజీ నాకూ అర్థం కాలేదు ప్రమోద్" అన్నారు.

మీ ప్రమోద్.

తా.క. నా ఉద్యోగం నిలిచింది బావా. మీ సంతకం చూసి, ఆ పేజీనే దేశమంతటికీ విడుదల చేసేశారు.