బెల్టు తెంపింది నా కాలు కాదు

రోకో, ఇక్కడ కోళ్లతో సహా అందరం బాగున్నాం. చెబుతున్నది మీ అమ్మ, రాస్తున్నది పక్కింటి డోరీన్.

నేనెక్కి తోలే గడ్డికోత బండి బెల్టు మూడోసారి తెగిందనగానే నా తొక్కుడే కారణమనీ, ఎనభై రెండేళ్లకు ఇక చాలనీ, బండి అమ్మేస్తాననీ రాశావు. ఈ మోకాళ్లతో కోళ్లగూటికీ, చర్చికీ నేను వెళ్లేది దానిమీదే. అది అమ్మితే నన్ను మంచానికి కట్టేసినట్టే.

నిన్న డోరీన్ మొగుడు కెల్విన్ బండి కింద దూరాడు. "పిన్నీ, నీ మేజోడు చుట్టుకుని బెల్టు తిప్పే కప్పీ బిగుసుకుపోయింది! బెల్టు దానిమీద ఒరుసుకుని కాలిపోతోంది" అని అరిచాడు.

"సిగ్గులేనోడా, లాగి చూపించు" అన్నాను.

పేలిక నాదే, ముడి నీది. పోయిన చలికాలం నా పాత మేజోళ్లు చింపి టమాటా మొక్కలకు నువ్వు కట్టినవే, పంటయ్యాక బండి కింద పడ్డాయి. "ఇప్పుడు వాణ్ణి తిట్టిన తిట్టు కూడా రాయనా?" అంటోంది డోరీన్. వద్దన్నాను. ఆ ఏడు ఒక్క మొక్కా ఒరగలేదు.

కోడలి దగ్గు తగ్గిందా? గనిలో జాగ్రత్త. బండి కొనేవాణ్ణి రావద్దను. నారు పోశాను, ఈసారి నూలుతాడు తెచ్చి నువ్వే కట్టు. మడోన్నా మరియతల్లి నిన్ను చల్లగా చూడాలి.