గేటు దగ్గర ఎవరుంటారు?

బుజ్జిదాని అమ్మకి,

ఇక్కడ నేను క్షేమం, కుడి మోకాలు ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, బుజ్జిదీ, అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ ఉత్తరం అంది వారమైంది. తీరిగ్గా జవాబు రాద్దామనుకుంటూనే రోజులు గడిపేశాను. చదువుకునేవాడికి తీరిక ఎక్కువని ఎవరన్నారో గాని, వాళ్ళు చదివి ఉండరు.

ముందు నువ్వడిగినవి చెప్పేస్తాను. వేళకి తింటున్నాను. హాస్టల్ వంటాయనకి ఉప్పంటే భయం, అంతకుమించి లోటు లేదు. గది చిన్నదే, మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే కిటికీ అందుతుంది. పక్కగది కుర్రాళ్ళు బారెడు పొద్దెక్కేదాకా లేవరు. నేను మాత్రం చీకటితోనే లేచి, దుప్పటి ముడత లేకుండా మడిచి, తనిఖీకి ఎవరూ రారని గుర్తొచ్చి మళ్ళీ కూలబడతాను. బుజ్జిదాని పన్ను ఊడిందా, ఇంకా ఊగుతోందా? పంపు కారడం ఆగకపోతే లోపలి వాషరు మార్పించు. మొత్తం పంపే మార్చాలంటే నమ్మకు.

క్లాసులో నన్నెలా చూస్తున్నారని అడిగావు. మర్యాదగానే చూస్తున్నారు, అదే చిక్కు. పదహారేళ్ళు సైన్యంలో లారీలు నడిపించినవాడు ఈ వయసులో బెంచీ మీద కూర్చుని సరకు రవాణా మీద పీజీ చేస్తుంటే నవ్వుతారేమోనని మొదట్లో బెంగపడ్డాను. నవ్వరు. "అంకుల్" అని పక్కకి తప్పుకుంటారు. నవ్వినా బాగుండేది.

పోయిన వారం జరిగింది చెబుతాను. ఒక మందుల గిడ్డంగి నుంచి చిన్న చిన్న క్లినిక్కులకి టీకాలు చేర్చే ఏర్పాటు ఎలా ఉండాలో నలుగురు కలిసి తయారు చేయమన్నారు. బాగా చేసిన జట్టుని ఆ గిడ్డంగివాళ్ళే ఉద్యోగంలోకి తీసుకుంటారు. మనం ఎదురుచూసింది దీనికోసమే కదా అని సంబరపడ్డాను. ఇలాంటి పని నాకు కొట్టిన పిండి. ఎండ ముదిరితే టీకాలు పాడవుతాయి కాబట్టి తెల్లవారుజామున ఐదింటికల్లా బండ్లు క్లినిక్కుల దగ్గర టీకాలు దించి వచ్చేయాలని బోర్డు మీద గీసి, "అర్థమైందా?" అన్నాను. ముగ్గురూ తలూపారు. అదే పట్టుకెళ్ళి క్లాసులో చెప్పాను.

పాఠం చెప్పే మేడమ్ అంతా విని ఒక్కటే అడిగింది. "ఐదింటికి గేటు దగ్గర ఎవరుంటారండీ?"

నాకు ఆ ప్రశ్నే తలకెక్కలేదు. గేటన్నాక కాపలా ఉండదా? నేను బండి తీసుకెళ్ళిన ప్రతి గేటు దగ్గరా, ఏ వేళప్పుడైనా, ఒకడు మేలుకునే ఉండేవాడు. ఈ క్లినిక్కులు తొమ్మిదింటికి గాని తెరవరట. అప్పటిదాకా టీకాల పెట్టెలు మూసిన తలుపు ముందు ఎండలో పడి ఉండాల్సిందే. క్లాసంతా గొల్లుమంది. ఇన్నాళ్ళకి నవ్వారు.

మా జట్టులో ఒకమ్మాయి ఇంతకుముందు అలాంటి క్లినిక్కులోనే మందులిచ్చే పని చేసింది. బయటికొచ్చాక అడిగాను.

"నీకు తెలుసు కదమ్మా, ఒక్కమాట చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు కదంకుల్. అర్థమైందా అన్నారు. అర్థమైంది."

"బాగుందా అని అడిగితే చెప్పేదానివా?"

"అడిగి కాసేపు ఆగితే చెప్పేదాన్నేమో. మీరు అడుగుతూనే బోర్డు తుడిచేశారు."

కోపం రాలేదు. ఆ ఉద్యోగానికి ఇక నీళ్ళొదులుకోవాల్సిందే. అలసిపోయాను. పాఠాలకి కాదు, తెలిసిన పనే మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవలసి రావడానికి.

ఇంతసేపూ నాన్చిన సంగతి ఇక చెప్పేస్తాను. ఆ సాయంత్రమే మా పాత కెప్టెన్ గారికి ఫోన్ చేసి, నన్ను మళ్ళీ తీసుకుంటారా అని అడిగాను. డ్రైవర్లకి శిక్షణ ఇచ్చేచోట ఖాళీ ఉందన్నారు. జీతం, క్వార్టర్సు అన్నీ మామూలే. బదిలీలూ మామూలే. నెలాఖరులోగా చెప్పమన్నారు. "వస్తాను సార్" అనే మాట పెదవి దాకా వచ్చింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

సైన్యం వదిలేస్తున్నానని చెప్పిన రోజు నువ్వు బుజ్జిదానికి జడ వేస్తున్నావు. "రెండేళ్ళు చదువుకుంటాను, అర్థమైంది కదా?" అన్నాను. నువ్వు తలూపి రిబ్బను ముడివేశావు. మౌనం అర్ధాంగీకారమంటారు. నేను పూర్తి అంగీకారం కిందే జమకట్టి పెట్టె సర్దుకున్నాను. అంతకుముందు ప్రతి బదిలీకీ ఇదే వరస. నీకేం కనిపిస్తోందని ఏనాడూ అడగలేదు.

ఫోనులో అడగొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు, నేను "సరే" అంటాను, అక్కడితో అయిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదువు సాగించనా, వెనక్కి వెళ్ళిపోనా? నీకేది మంచిదనిపిస్తోంది? తిట్టాలనిపిస్తే ముందు తిట్టి, తర్వాత చెప్పు. నీ జవాబు రానిదే కెప్టెన్ గారికి ఏ మాటా చెప్పను. నువ్వేమీ రాయకపోతే సరేనన్నావని అనుకోను. మళ్ళీ అడుగుతాను, అడిగి ఆగుతాను.

ఇట్లు,
గేటు దగ్గర మేలుకుని ఉన్న
బుజ్జిదాని నాన్న