రెండో సాక్షి

రోష్ పినా, ఏప్రిల్ 15

ప్రియమైన అవ్నేర్,

ఆ మొదటి మాట రాయడానికి చెయ్యి మొరాయించింది. మన నోగా పక్కన కూర్చుని రాయించింది.

దాని పెళ్లి జూన్ నాలుగు, మంగళవారం. ఊరి పైన వాలులో, ఆరుబయట. ఎదురుగా హెర్మోన్ కొండ. అప్పటికి నెత్తిన కాస్త మంచు మిగిలుంటే దాని అదృష్టం. అమ్మా నాన్నా చెరో చెయ్యి పట్టుకుని పందిరి దాకా నడిపించాలట. రా.

రెండో సంగతి. మనం విడిపోయి తొమ్మిదేళ్లు. విడాకుల పత్రం నువ్వు నీ చేత్తో నా చేతిలో పెడితే తప్ప నేను నీ భార్యనేనంటుంది మన మతగురువుల, రబ్బీల కోర్టు. "అమ్మాయి పెళ్లయ్యాక చూద్దాం" అని ముగ్గురు రబ్బీల ముందు అన్నావు. ఇదిగో, అవుతోంది. నన్ను చేసుకుంటానన్న ఎల్‌హనాన్ కోసం అడుగుతున్నానని అనుమానపడకు. ఎదురుచూసి విసిగి అతను కిందటేడే ఇంకొకామెను చేసుకున్నాడు. ఇప్పుడు నా కోసమే అడుగుతున్నాను.

తిర్సా

హైఫా, ఏప్రిల్ 28

ప్రియమైన నా భార్యకు,

అవును, భార్య అనే రాస్తాను. ఎవరు కాదంటారు?

వస్తాను. మా తమ్ముళ్లు ముగ్గురూ కుటుంబాలతో వస్తున్నారు. అవ్నేర్‌ని పెళ్లాం వదిలేసిందని వాళ్లు చెవులు కొరుక్కోవడం నాకిష్టం లేదు. పందిరి కింద నా పక్కన నిలబడు. నా బల్ల దగ్గరే భోంచెయ్. ఫొటోల్లో నవ్వు. ఆ ఒక్కపూట మొగుడూ పెళ్లాల్లా ఉంటే, గురువారం పొద్దున తొమ్మిదింటికి సఫెద్ కోర్టుకొచ్చి నీ కాగితం నీ చేతిలో పెడతాను. నేనంత చెడ్డవాణ్ణి కాను తిర్సా. నువ్వే నన్నలా చేశావు.

నీ అవ్నేర్

రోష్ పినా, జూన్ 6

అవ్నేర్,

నవ్వాను. నీ తమ్ముడి భార్య "మీ జంటని చూస్తే ముచ్చటేస్తోందక్కా" అంటే దానికీ నవ్వాను. నా భుజం మీద చెయ్యేస్తే తియ్యలేదు. తంతు చివర ఆచారం ప్రకారం అల్లుడు గ్లాసు తొక్కి పగలగొట్టినప్పుడు అందరూ కేకలేస్తుంటే నువ్వు నా చెవిలో "మన రోజు గుర్తొచ్చిందా?" అన్నావు. కొండవైపు చూస్తూ పళ్లు బిగబట్టుకున్నాను.

ఇవాళ తొమ్మిదింటికి కోర్టులో ఉన్నాను. ఒంటిగంట దాకా బెంచీ మీద కూర్చున్నాను. రబ్బీలూ, పత్రం రాసే లేఖకుడూ నీ కోసమే కాచుకున్నారు. చివరికి గుమాస్తా టీ తెచ్చిచ్చి, "ఇంటికెళ్లమ్మా" అన్నాడు. తొమ్మిదేళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

నువ్వెక్కడ?

తిర్సా

హైఫా, జూన్ 20

ప్రియమైన తిర్సా,

కోప్పడకు. నిజంగానే బయల్దేరాను, దారిలో అక్కో ఊరి దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నిన్న ఫొటోలొచ్చాయి. ఆ నవ్వు నటనంటే నేను నమ్మను. ఇంత బాగున్నదాన్ని తెంచుకోవడం దేనికి? నోగాకి బిడ్డ పుట్టనీ. ఆ వేడుకలోనూ ఇలాగే ఉందాం. ఆ తర్వాత తప్పకుండా ఇస్తాను. తొమ్మిదేళ్లు ఆగినదానివి, ఇంకో ఏడాది ఆగలేవా?

నీ మొగుడు

అవ్నేర్

రోష్ పినా, నవంబర్ 14

అవ్నేర్,

పెళ్లిలో ఫొటోల హడావుడిలో పడి నువ్వొకటి చూడలేదు. పందిరి కిందికి వెళ్లకముందు రబ్బీగారు పెళ్లి పత్రం ముందు పెట్టుకుని సాక్షులను పిలుస్తున్నారు. మా మేనత్త మొగుడు జెవులూన్ మావయ్య కలం అందుకోబోయాడు. "దీని తల్లి పెళ్లికి సాక్షి సంతకం నేనే పెట్టా. దీనికీ నేనే పెడతా."

"తల్లికి మీరేమవుతారు?"

"మేనత్త మొగుణ్ణి."

రబ్బీగారి మొహంలో నవ్వు పోయింది. కలం ఇవ్వలేదు, ఇంకొకర్ని పిలిచారు. నాకప్పుడు అర్థం కాలేదు.

నేను కోర్టునుంచి ఉత్తచేతులతో వచ్చిన వారమే, సంగతి విని ఆ రబ్బీగారు మా ఇంటికొచ్చి ఆరా తీశారు. మావయ్యే చెప్పాడు. మన పెళ్లినాడు వానట. రెండో సాక్షి ఎక్కిన బస్సు రాలేదు. పొద్దు గుంకుతోందని ముసలి రబ్బీ తొందరపడుతుంటే "నేను లేనా" అని మావయ్య ముందుకొచ్చాడు. నువ్వు నా వేలికి ఉంగరం తొడగడానికీ సాక్షి ఆయనే. ఏమవుతావని ఎవరూ అడగలేదు. పెళ్లికూతురి మేనత్త మొగుడంటే బంధువు. బంధువు సాక్ష్యం చెల్లదు. సాక్షి చెల్లకపోతే పెళ్లే లేదు.

కోర్టు ఐదు నెలలు తవ్వింది. నీకు రెండుసార్లు కబురు పెట్టారు. పత్రం ఇమ్మంటారేమోనని నువ్వు మొహం చాటేశావు. నిన్న తీర్పు చెప్పారు. ఇరవై ఆరేళ్ల కిందట మనకు పెళ్లి జరగలేదు. నోగా పుట్టుకకు ఏ మచ్చా లేదు, అడిగి మరీ రాయించుకున్నాను.

మావయ్య "నీ కాపురం నేనే చెడగొట్టానే తల్లీ" అని భోరుమన్నాడు. ఓదార్చాను. ఇంటికొచ్చాక మాత్రం గిన్నెలు విసిరికొట్టాను. ఆ ఒక్క ప్రశ్న తొమ్మిదేళ్ల కిందట ఎవరైనా అడిగుంటే నా బతుకు ఇంకోలా ఉండేది. ఇప్పుడు నాకు నలభై ఎనిమిది. కోర్టు పుస్తకంలో నేను పెళ్లికాని పిల్లని.

నోగాకి బిడ్డ పుడితే రా, తాతగా. నా పక్కన మాత్రం నిలబడకు, పరాయి మగవాడివి. తొమ్మిదేళ్లు నీ ముందు చెయ్యి చాచాను అవ్నేర్. ఇవ్వడానికి నీ దగ్గర ఏమీ లేదు.

తిర్సా