స్లాబు రోజు చెప్పిన ఆమేన్

ఏప్రిల్ 22

రిమోట్ నా చేతికొచ్చింది. గంగబాబు గారు నడుంనొప్పితో మానేశారు. మూడేళ్లు ఆయన దగ్గర పైపులు కడిగాను, గ్రీజు పెట్టాను, కాంక్రీటు పోసే హాపర్ దగ్గర నిలబడి ఆ మోతంతా విన్నాను. ఇక కాంక్రీటు పైకి తోసే బూమ్ పంప్ షైనీయే నడుపుతుందని ఓనర్ జగ్గారావు గారు అందరి ముందూ అన్నారు. వెంటనే ఒక మెలిక పెట్టారు. మే నెలాఖరు దాకా పైపు లైను ఒక్కసారి జామ్ అయినా రిమోట్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. మగ ఆపరేటర్లకి ఎప్పుడైనా ఇలా గడువు పెట్టారా అని అడిగాను. నవ్వేసి ఫోన్ చూసుకున్నారు.

సరే, చూద్దాం.

ఏప్రిల్ 25

రాజోలు దగ్గర రెండంతస్తుల ఇల్లు. మూడు వైపులా కొబ్బరిచెట్లు, నాలుగో వైపు కరెంటు తీగలు. బూమ్, అంటే పంపు లారీ మీది మడత చెయ్యి, నిలువుగా లేపి, మట్టల మీదుగా ఒక్కొక్క మడతా విప్పాను. కదపడం ఎవరికైనా వస్తుంది. పనంతా ఆపడంలోనే ఉంది. లివర్ టక్కున వదిలేస్తే వంద అడుగుల బూమ్ ఊగుతుంది, చివర గొట్టం పట్టుకున్న సాల్మన్ కూడా దాంతోపాటే ఊగుతాడు. ఇవాళ ఒకసారి ఊగి సెంట్రింగ్ మీద పడబోయాడు. తప్పు నాదే.

సాయంత్రం సారీ చెప్పాను. గంగబాబు గారైతే రోజుకి నాలుగుసార్లు ఊపేవారన్నాడు. వెధవ, నన్ను ఓదార్చడానికే అన్నాడు.

ఏప్రిల్ 30

అయిదు స్లాబులు. ఒక్క జామ్ లేదు.

మే 3

మా ప్రార్థన మందిరం స్లాబు ఎనిమిదో తారీకున. పంపు మాదే. నాన్న సంఘ పెద్ద. మిగతా పెద్దలు ఒప్పుకున్నారని ఆయనా ఒప్పుకున్నారు కానీ ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

నాన్న ఇరవై ఏళ్లు స్లాబు మేస్త్రి. అరవై మంది వరసగా నిలబడి తట్టలు అందించుకునేవారు, ఆ వరసలో అమ్మ కూడా ఉండేది. పంపులొచ్చాక ఆ గ్యాంగు చెదిరిపోయింది. నాన్న కోపం పంపు మీదా, నా మీదా? అన్నం తింటుంటే అడిగేశాను. మజ్జిగ పొయ్యమన్నారు.

మే 8, సాయంత్రం 7

ఇవాళ జరిగింది ఇప్పుడే రాసేయాలి.

మా వాళ్లకి ఒక పద్ధతుంది. తూర్పు మూల మొదటి కాంక్రీటు పడ్డాక పని ఆపి ప్రార్థన చెయ్యాలి. తట్టల రోజుల్లో పెట్టుకున్నది. అప్పుడు తట్ట దింపి తల వంచితే సరిపోయేది. ఇప్పుడు పైపు నిండా కాంక్రీటు ఉంటుందని ఎవరూ ఆలోచించలేదు. ప్రార్థన ముందే కానివ్వండని నేను మొన్నే చెప్పాను. అయిదు నిమిషాలేగా అన్నారు.

తొమ్మిదిన్నరకి మొదలుపెట్టారు. రాజమండ్రి నుంచి వచ్చిన ప్రసంగీకులు, స్లాబు మీద మైకు పట్టుకుని. పునాది వేసినవాళ్ల దగ్గర మొదలుపెట్టి వాళ్ల మనవల దాకా వచ్చేసరికి పది నిమిషాలైంది. కాంక్రీటు బిగుసుకోకుండా పంపు ముందుకీ వెనక్కీ రెండు దెబ్బలు కొట్టించాను. మోత. నాన్న కళ్లు తెరిచి, ఆపమని చెయ్యి ఊపారు. ఆపలేదు. మళ్లీ కొట్టించాను. కమిటీ అబ్రహాము గారు మెట్లు దిగివెళ్లి, కింద పంపు దగ్గరున్న సాల్మన్ ని గదిమి ఇంజను కట్టించేశారు.

ఇక ఏమీ చెయ్యడానికి లేదు. రిమోట్ నడుముకి వేలాడుతోంది, పనికిరాని పెట్టెలాగ. పైపు మీద చెయ్యి పెడితే ఎండకి కాలింది. ఇరవై నిమిషాలు. ఇరవై అయిదు. ఆయన ఇంకా జిల్లా అధికారుల కోసం ప్రార్థిస్తున్నారు. తర్వాత రాష్ట్రం, తర్వాత దేశం ఉన్నాయి.

మా సంఘంలో ఆడవాళ్లు ప్రార్థనలో గొంతెత్తరు. ఆమేన్ కూడా లోలోపలే అనుకోవాలి. స్లాబు మీద ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

"ఆమేన్" అన్నాను. గట్టిగా.

అలవాటు కదా, కింద పందిట్లో మూడొందల మంది ఆమేన్ అనేశారు. ప్రసంగీకులు కళ్లు తెరిచి మైకు వంక చూశారు. నేను ఇంజను వెయ్యమని సాల్మన్ ని కేకేశాను. ప్రెజర్ ముల్లు ఎర్రగీత దాకా లేచింది. రెండుసార్లు వెనక్కి లాగించి మెల్లగా తోశాను. గొట్టం గుటకేసినట్టు కదిలి, కాంక్రీటు పడింది. మధ్యాహ్నానికి మందిరం మొత్తం ఒక్క జాయింటు లేకుండా పోశాను.

మే 11, ఆదివారం

పెద్దలు కూర్చున్నారు. నేను సంఘం ముందు క్షమాపణ అడగాలి. అడగకపోతే జూన్ మొదటి ఆదివారం ప్రభు బల్లలో, అంటే క్రీస్తు పేర అందరూ రొట్టె పంచుకునే ఆరాధనలో, నాకు రొట్టె లేదు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పింది నాన్నే.

పైపు బిగుసుకుపోయేదని నేను మొదలుపెట్టగానే అడ్డుకున్నారు. "కాంక్రీటు సంగతి నాకు చెప్తావేంటమ్మా? నేనూ చూసేను, బిగిసిపోతంది. అయినా నువ్వు గొంతెత్తకూడదు."

"మీరు చూసేరు కదా నాన్నా, మరి మీరెందుకు ఎత్తలేదు?"

అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది, ఒక్క మాట అనేస్తే పోతుంది కదే అంది. అనను. నేను చేసింది తప్పయినప్పుడు సాల్మన్ కి కూడా సారీ చెప్పాను. ఇది తప్పు కాదు.

మే 19

నాన్న నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. కష్టంగానే ఉంది.

మే 31

గడువు అయిపోయింది. జామ్ లేదు. రిమోట్ నాదే అన్నారు జగ్గారావు గారు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు.

జూన్ 1

క్షమాపణ అడగలేదు. అమ్మ పక్కనే కూర్చున్నాను. మా వరసకి రొట్టె పళ్లెం తెచ్చింది నాన్న. అమ్మ దగ్గర ఆగి, నన్ను దాటి వెళ్లిపోయారు. నేను లేచి వెనకాలే వెళ్లి చెయ్యి చాపాను. ఆయన నా వైపు చూడలేదు. పళ్లెం మాత్రం నాకందేలా కిందికి వంచారు.