కుదపకూడని సీసా

అక్కా,

ఈ ఉదయం నేను లేచేసరికి మన పిల్లిదొర నీళ్లగిన్నె ఇంకా సగం నిండుగానే ఉంది. రెండు నెలలుగా తెల్లారేసరికి అది ఎండిపోయి ఉండేది కదా! వెంటనే వాడి చెవి అంచున గుచ్చి, ఒక్క చుక్క రక్తం తీసి షుగర్ చూశాను. నూట నలభై రెండు! పోయిన నెలంతా నాలుగు వందలకు తగ్గనే లేదు. నమ్మకం కలగక మళ్లీ చూశాను. దొర నన్ను తిట్టాడు కానీ అంకె మారలేదు.

తప్పు ఇన్సులిన్‌ది కాదక్కా, నాది. పోయిన వారం కొత్త సీసా కోసం వెళ్లినప్పుడు, మందు ఎలా వేస్తున్నానో చూపించమంది డాక్టరు దగ్గరి నర్సు. రోజూ చేసినట్టే సీసాను గట్టిగా కుదిపాను.

“అయ్యో తల్లీ, అదేమన్నా దగ్గుమందా? అలా కుదిపితే చెడిపోతుంది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, అంతే. మొదటిరోజే అడగొచ్చుగా?”

సిగ్గేసి అడగలేదని చెప్పడానికీ సిగ్గేసింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఊరుకుంటుందా? “పుస్తకాలన్నీ నమిలేస్తావు, నోరు తెరిచి ఒక్క మాట అడగలేవు! నీ సిగ్గు వాడి ప్రాణం మీదికి తెచ్చిందే,” అంది.

దొర చిక్కిపోవడం చూడలేక, వచ్చే ఆదివారం నొప్పి తెలియకుండా ప్రాణం పోయే ఆ ఆఖరి సూది వేయించేద్దామని నువ్వు ఏడుస్తూ చెప్పావు. ఆదివారం తప్పకుండా రా, కానీ వాడితో ఆడుకోవడానికి రా. నిన్న కిటికీ గట్టు మీదికి ఒక్క గెంతులో ఎక్కాడు!

నీ చెల్లి

తా.క. ఆదివారం అపాయింట్‌మెంటును, నర్సు దగ్గరి నుంచి వచ్చిన రోజే, నీకు చెప్పకుండా నేనే ఫోన్ చేసి రద్దు చేశాను.